కత్తి తర్వాత చిట్టా: రోమ్‌పై తిరుగుబాట్లు ఎప్పుడు, ఎందుకు వచ్చాయి

క్రీ.శ. 28లో ఫ్రీసియన్లు రోమ్ మీద తిరగబడ్డారు. కారణం ఎద్దు తోళ్లు. ఇప్పటి నెదర్లాండ్స్ ఉత్తర తీరంలో, సముద్రపు పోటుకు మునిగే చిత్తడి నేలల మధ్య పశువుల్ని మేపుకుని బతికిన తెగ వాళ్లది. పేదలు కాబట్టి డబ్బు అడగకుండా, సైన్యం అవసరాలకు ఎద్దు తోళ్లు ఇస్తే చాలని దాదాపు 40 ఏళ్ల ముందు డ్రూసస్ అనే సేనాని తేలికపాటి కప్పం విధించాడు. తోలు ఎంత పెద్దది, ఎంత మందం అని అప్పట్లో ఎవరూ అడగలేదు. ఒలెన్నియస్ అనే సైనికాధికారి అజమాయిషీకి వచ్చాక అడవి దున్న తోలును కొలతగా పెట్టాడు. ఫ్రీసియన్ల కొట్టాల్లో ఉన్నవేమో చిన్నజాతి పశువులు. ముందు మందలు పోయాయి, తర్వాత పొలాలు పోయాయి, చివరికి భార్యాబిడ్డలు బానిసలుగా పోయారు. మొరపెట్టుకున్నా విన్నవాడు లేడు. అప్పుడు వసూలుకొచ్చిన సైనికుల్ని పట్టుకుని కొయ్యలకు వేలాడదీశారు. ఒలెన్నియస్ కోటలోకి పారిపోయాడు.

ఆ సరిహద్దు గవర్నర్ లూసియస్ అప్రోనియస్ పెద్ద బలగంతోనే వచ్చాడు గానీ, దళాలను కొద్దికొద్దిగా ముందుకు తోసి దెబ్బతిన్నాడు. బాడుహెన్నా అడవిలో 900 మంది రోమన్ సైనికులు మర్నాటిదాకా పోరాడి చనిపోయారు. మరో 400 మంది, ఒకప్పుడు రోమ్ కొలువు చేసిన ఒక ఫ్రీసియన్ ఇంట్లో తలదాచుకుని, తమను పట్టిస్తారన్న భయంతో ఒకరినొకరు చంపుకున్నారు. టైబీరియస్ చక్రవర్తి ఈ నష్టం బయటికి పొక్కనివ్వలేదు. దాదాపు 20 ఏళ్లపాటు, 47లో కోర్బులో అనే సేనాని వచ్చేదాకా, ఫ్రీసియన్లు రోమ్ చెప్పుచేతల్లోకి రాలేదు.

తొలి చక్రవర్తుల కాలపు తిరుగుబాట్లను సాధారణంగా స్వేచ్ఛ కోసం ప్రాణాలిచ్చిన తెగల కథలుగా చెప్పుకుంటాం. అందులో అబద్ధం లేదు. కానీ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో విషయం తేలుతుంది. ఫ్రీసియన్లు లొంగింది క్రీ.పూ. 12లో, తిరగబడింది క్రీ.శ. 28లో. బాల్కన్ ప్రాంతంలోని పన్నోనియా, డాల్మేషియా క్రీ.పూ. 9 నాటికి అణిగాయి, భగ్గుమన్నది క్రీ.శ. 6లో. బ్రిటన్ మీద దండయాత్ర 43లో జరిగింది, అక్కడి రాణి బౌడికా లేచింది 60లో. ఓడిన రోజున జరగాల్సిన పోరాటం ఒక తరం తర్వాత జరిగింది. ఆ మధ్యకాలంలో సైన్యం వెనకాల ఆస్తుల లెక్క, తలపన్ను, వడ్డీ వ్యాపారి, సైన్యంలోకి మనుషుల్ని పట్టుకెళ్లే అధికారి వచ్చారు. కత్తికి లొంగిన జనం ఆ చిట్టాకు లొంగలేకపోయారు.

తిరుగుబాటు నాయకుల మాటలుగా మనకు అందినవి చాలావరకు రోమన్ పాలకవర్గం రాసినవే. ఎడారి చేసి దానికి శాంతి అని పేరు పెడతారని కాల్గాకస్ అనే స్కాట్లాండ్ నాయకుడు అన్నట్టు అందరూ ఉటంకిస్తారు. ఆ ప్రసంగం రాసింది రోమన్ చరిత్రకారుడు టాసిటస్. కాల్గాకస్‌ను ఓడించిన రోమన్ సేనాని అగ్రికోలాకు ఆయన స్వయానా అల్లుడు. బౌడికా ప్రసంగాలూ ఇలాంటివే. అవి రోమన్ అలంకారశాస్త్రం నేర్పిన నైపుణ్యంతో రోమన్ పాఠకుల కోసం కట్టిన మాటలు. వాటికంటే అదే రచయితలు పెద్దగా పట్టించుకోకుండా దారిలో చెప్పి వదిలేసిన వివరాలు ఎక్కువ నమ్మదగినవి: తోలు కొలత, అప్పు మొత్తం, వసూలు చేసినవాడి పేరు. ఎవరినీ పొగడటానికో తిట్టడానికో అడవి దున్న తోలును కల్పించాల్సిన పని లేదు.

క్రీ.శ. 6వ సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడు రోమ్‌కే డబ్బు కరువైంది. ఇరవై ఏళ్లు, అంతకు మించి సేవ చేసి విరమించే సైనికులకు ఇవ్వాల్సిన మొత్తాల కోసం తొలి చక్రవర్తి అగస్టస్ సైనిక ఖజానా ఒకటి పెట్టి, సొంత సొమ్ము 17 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) అందులో వేశాడు. అది చాలక రోమన్ పౌరుల వారసత్వాల మీద 5 శాతం పన్ను వేశాడు. సెనేటర్లు గొణిగారు. అదే ఏడాది జూడియా పాలకుడు అర్కెలాయస్‌ను గాల్‌కు వెళ్లగొట్టి ఆ దేశాన్ని నేరుగా పాలనలోకి తీసుకున్నారు, ఆస్తుల లెక్క మొదలుపెట్టారు. అదే ఏడాది బాల్కన్ ప్రాంతం అంటుకుంది. ఈ మూడింటినీ చరిత్ర పుస్తకాలు వేర్వేరు అధ్యాయాల్లో పెడతాయి. ఒకే ఖజానాను నింపడానికి సామ్రాజ్యం నలుమూలలా చేసిన ఒత్తిడిగా వాటిని కలిపి చదవాలి.

బాల్కన్ తిరుగుబాటు పుట్టిన తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. డాన్యూబ్‌కు ఉత్తరాన మరోబోడువస్ అనే జర్మన్ రాజు మీద యుద్ధానికి, అప్పటికి ఇంకా సేనానిగానే ఉన్న టైబీరియస్ సిద్ధమవుతూ డాల్మేషియా తెగల నుంచి సహాయక దళాలు పంపమన్నాడు. యువకులు ఆయుధాలతో ఒకచోట చేరారు. తాము ఎంతమందిమో మొదటిసారి కళ్లారా చూసుకున్నారు. కప్పాల భారంతో లోలోపల రగులుతున్న ఆ జనం, డెసిడియేట్ తెగకు చెందిన బాటో నాయకత్వంలో ఎదురుతిరిగారు. పన్నోనియాలో బాటో అనే పేరే ఉన్న మరో నాయకుడు కలిశాడు. జాగ్రత్త పడకపోతే పది రోజుల్లో శత్రువు రోమ్ కంటికి కనబడే దూరానికి రావచ్చని అగస్టస్ సెనేట్‌లో హెచ్చరించాడు. విడుదల చేసిన బానిసలను కూడా సైన్యంలో చేర్చాల్సి వచ్చింది. 15 లెజియన్లు (రోమన్ సైన్యంలోని పెద్ద పటాలాలు), అంతే సంఖ్యలో సహాయక దళాలు దిగిన ఈ పోరును, కార్తేజ్ తర్వాత రోమ్ చేసిన అత్యంత కఠినమైన విదేశీ యుద్ధంగా సూటోనియస్ అనే రోమన్ రచయిత లెక్కగట్టాడు.

మూడేళ్ల తర్వాత బాటో లొంగిపోయినప్పుడు, ఎందుకు తిరగబడ్డారని టైబీరియస్ అడిగాడట. "ఈ పాపం మీదే. మందలను కాయడానికి కుక్కలనో కాపర్లనో పంపరు, తోడేళ్లను పంపుతారు" అని బాటో జవాబు. ఈ మాటను నమోదు చేసిన చరిత్రకారుడు కాసియస్ డియో స్వయంగా డాల్మేషియాకు గవర్నర్‌గా పనిచేసినవాడు. బాటో నిజంగా ఇదే మాట అన్నాడో లేదో గానీ, గవర్నర్ పీఠం మీద కూర్చున్న మనిషికి ఈ జవాబు రాయదగినదిగా తోచింది, అదే విలువైన సాక్ష్యం. టైబీరియస్ అతన్ని చంపలేదు. ఒకసారి తాను ఇరుకు చోట చిక్కినప్పుడు బయటపడనిచ్చాడన్న కృతజ్ఞతతో కానుకలిచ్చి రవెన్నాలో ఉంచాడు.

జూడియాలో లెక్క తీయడానికి వచ్చిన సిరియా గవర్నర్ క్విరీనియస్ పేరు తెలుగు పాఠకులు ఎరిగినదే. లూకా సువార్తలో, క్రిస్మస్ రోజుల్లో చర్చిల్లో చదివే భాగంలో కురేనియు అని వినబడేది ఈయనే. ఇళ్లు, పొలాలు, తలలు నమోదు చేయించుకోమని ప్రధాన యాజకుడు జోయాజర్ జనాన్ని ఒప్పించాడు. గలిలయుడైన యూదా ఒప్పుకోలేదు. ఈ లెక్కకు తలవంచడం బానిసత్వానికి తలవంచడమే, దేవుడు తప్ప మరో ప్రభువు లేడు అన్నది అతని బోధ. ఇదొక కొత్త సిద్ధాంతమని, తర్వాతి కాలపు వినాశనానికి ఇదే విత్తనమని యూదు చరిత్రకారుడు జోసీఫస్ నిందించాడు. మిగతా తిరుగుబాట్లలో పన్ను ఎక్కువైందన్న ఫిర్యాదు ఉంది. యూదా అసలు లెక్కించే హక్కునే కాదన్నాడు. ప్రజల్ని, భూమిని ఒక పట్టికలోకి ఎక్కించడమే అధికారానికి మూలమని గుర్తించిన మొదటివాళ్లలో అతన్ని ఒకడిగా చూడాలి. అతను చనిపోయాడు, అనుచరులు చెదిరిపోయారు. దాదాపు 40 ఏళ్లకు అతని ఇద్దరు కొడుకులను రోమన్ అధికారి శిలువ వేయించాడు.

ఆర్మీనియస్ కథ బాగా ప్రచారంలో ఉంది కాబట్టి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జర్మనీలోని చెరుస్కీ తెగ నాయకుడి కొడుకు, రోమన్ సహాయక దళాల్లో సేవ చేసి పౌరసత్వం, ఈక్వెస్ట్రియన్ (సెనేటర్ల తర్వాతి వర్గం) హోదా పొందినవాడు. క్రీ.శ. 9లో ట్యూటోబర్గ్ అడవుల్లో గవర్నర్ వారస్‌ను ఉచ్చులోకి లాగి 17, 18, 19 సంఖ్యల లెజియన్లను తుడిచిపెట్టాడు. ఆ సంఖ్యలను రోమ్ మళ్లీ ఏ లెజియన్‌కూ పెట్టలేదు. అయితే వారస్ గురించి తెలుసుకోవాల్సింది ఇంకా ఉంది. అంతకుముందు సిరియాకు గవర్నర్‌గా వెళ్లినప్పుడు సంపన్న దేశంలోకి పేదవాడిగా వెళ్లి, పేద దేశాన్ని వదిలి సంపన్నుడిగా వచ్చాడని వెలియస్ అనే సమకాలీన రచయిత రాశాడు. జర్మనీలో బానిసలకు చెప్పినట్టు ఆజ్ఞలిస్తూ, లొంగిన ప్రజల దగ్గర గుంజినట్టు డబ్బు గుంజాడని డియో చెబుతాడు. ఆర్మీనియస్‌కు సైన్యాన్ని సమకూర్చిపెట్టింది ఈ వసూళ్లే. సొంత అన్నదమ్ముల్లో ఫ్లావస్ చివరిదాకా రోమ్ పక్షాన ఉన్నాడు, మామ సెగెస్టెస్ కూడా అంతే. గర్భిణిగా ఉన్న భార్య తుస్నెల్డాను ఆ మామే రోమన్లకు అప్పగించాడు. తెగ అంతా ఒక్కటై లేచిందన్న చిత్రం ఇక్కడ నిలబడదు.

ఉత్తర ఆఫ్రికాలో టాక్ఫరినాస్ కూడా రోమన్ సహాయక దళంలోంచి పారిపోయినవాడే. 17 నుంచి 24 వరకు ఏడేళ్లు రోమ్‌ను నిద్రపోనివ్వలేదు. పశువుల్ని తోలుకుంటూ రుతువును బట్టి కదిలే ముసులామీ జనం అతని వెనక నడిచారు. అంతకు కొద్దికాలం ముందే, క్రీ.శ. 14లో, మూడో అగస్టా లెజియన్ ఆ ప్రాంతం గుండా తీరం దాకా రోడ్డు వేసింది. రోడ్డు వస్తే దాని వెంట సర్వే గొలుసు వస్తుంది, మేతభూమి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. రోమన్ సేనానులు ఒకరి తర్వాత ఒకరు గెలిచామని ప్రకటించి గౌరవాలు పొందారు. నగరంలో ముగ్గురికి విగ్రహాలు లేచాయి, టాక్ఫరినాస్ మాత్రం ఆఫ్రికాను దోచుకుంటూనే ఉన్నాడని టాసిటస్ చెబుతాడు. ఆ ముగ్గురిలో ఒకడు, తర్వాత ఫ్రీసియన్ల చేతిలో దెబ్బతిన్న అప్రోనియస్.

టాక్ఫరినాస్ ఒక దశలో టైబీరియస్‌కు రాయబారులను పంపాడు. తనకూ తన మనుషులకూ భూమి ఇమ్మన్నాడు. చక్రవర్తికి అంత కోపం ఎన్నడూ రాలేదట: బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్‌తో కూడా మాట్లాడని రోమ్, ఒక పారిపోయిన సైనికుడితో బేరమాడాలా? 24లో డోలాబెల్లా అనే గవర్నర్ తెల్లవారుజామున అతని విడిదిపై పడి చంపాడు. అయిదారేళ్లకే మూడో అగస్టా లెజియన్ ఆ భూములన్నీ కొలిచి హద్దురాళ్లు పాతింది. దక్షిణ ట్యునీషియాలో ఆ రాళ్లు దొరికాయి. అడిగింది భూమి, దక్కింది సర్వే. ఈ పోరాటాన్ని దొంగల ముఠా గొడవగా రాసిన రోమన్ కథనం దాచిపెట్టింది ఈ వరుస క్రమాన్నే.

గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) 21లో లేచిన అలజడికి అప్పులు కారణమని టాసిటస్ సూటిగానే రాశాడు. తెరిపిలేని పన్నులు, వడ్డీ బరువు, పాలకుల క్రౌర్యం, అహంకారం అన్నవి తిరుగుబాటు సభల్లో వినిపించిన మాటలు. నాయకులు జూలియస్ ఫ్లోరస్, జూలియస్ సక్రోవిర్. పేర్లలోనే తెలుస్తుంది, వీళ్ల కుటుంబాలకు పౌరసత్వం ఏనాడో వచ్చింది. పన్ను కట్టాలి, రోమన్ పద్ధతిలో హోదా నిలుపుకోవాలి, రెండింటికీ అప్పు చేయాలి. సక్రోవిర్ పోగేసిన 40 వేల మందిలో అయిదో వంతుకే సరైన ఆయుధాలున్నాయి. ఇద్దరూ ఓడి ప్రాణాలు తీసుకున్నారు. మరుసటి ఏడాది టైబీరియస్ సెనేట్‌కు రాసిన లేఖలో, ఆడవాళ్ల రత్నాల కోసం రోమ్ సొమ్ము పరదేశాలకు పోతోందని వాపోయాడు. ఆ పరదేశాల్లో మన నేల కూడా ఉంది. అగస్టస్, టైబీరియస్ ముద్రలున్న వెండి దీనారాలు నల్గొండ ప్రాంతంలో రాశిగా బయటపడ్డాయి. గాల్ రైతు పన్నుగా కట్టి, సైనికుడు జీతంగా అందుకున్న నాణేలు కూడా ఆ రకానివే.

ఇక బ్రిటన్. ఇసీనీ తెగ రాజు ప్రసుటాగస్ చనిపోతూ, అప్పటి చక్రవర్తి నీరోకు వాటా రాస్తే కుటుంబం క్షేమంగా ఉంటుందనుకుని రాజ్యాన్ని చక్రవర్తికీ తన ఇద్దరు కూతుళ్లకూ కలిపి రాశాడు. పన్నుల అధికారి కేటస్ డెసియానస్ మనుషులు మొత్తం ఆస్తిని లాక్కున్నారు. రాణి బౌడికాను కొరడాలతో కొట్టారు, కూతుళ్లపై అత్యాచారం చేశారు. ఈ ఘోరం వెనక మరో లెక్క ఉంది. క్లాడియస్ చక్రవర్తి స్థానిక పెద్దలకు ఇచ్చిన డబ్బు కానుక కాదు అప్పు అని డెసియానస్ తిరగ్గట్టమన్నాడని డియో రాశాడు. నీరో గురువు, తత్వవేత్త సెనెకా కూడా బ్రిటన్ వాసులకు బలవంతంగా అంటగట్టిన 4 కోట్ల సెస్టర్సుల అప్పును ఒక్కసారిగా వెనక్కి రాబట్టాడని అదే రచయిత ఆరోపణ. సెనెకాపై డియోకు ద్వేషం ఉంది కాబట్టి అంకెను అట్లాగే తీసుకోనక్కర్లేదు. కానీ లండన్ నేల వేరే సాక్ష్యం ఇస్తోంది. అక్కడ తవ్వకాల్లో దొరికిన చెక్కపలకల్లో తేదీ ఉన్న అన్నిటికంటే పాతది 57 జనవరి 8 నాటిది. అది ఒక అప్పుపత్రం: సరుకు తీసుకున్న తిబుల్లస్ అనే మాజీ బానిస గ్రాటస్ అనే మరో మాజీ బానిసకు 105 దీనారాలు బాకీ. ఆ నగరం గురించి మిగిలిన తొలి తేదీ అప్పుతో మొదలవుతుంది.

మూడేళ్ల తర్వాత బౌడికా తిరుగుబాటులో కామెలోడునం, లండన్, వెరులామియం అనే మూడు పట్టణాలు కాలిపోయాయి. ఆ ఎర్రటి కాలిన మట్టి పొర ఇప్పటికీ పునాదులు తవ్వినప్పుడల్లా కనబడుతుంది. 70 వేల మంది చనిపోయారని టాసిటస్ లెక్క. అందులో సామాన్య వర్తకులు, ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉన్నారు. బౌడికాకు జరిగింది ఎంత దారుణమైనా, ఈ ఊచకోతను చిన్నది చేసి చెప్పకూడదు. బౌడికా ఓడాక గవర్నర్ సూటోనియస్ పాలినస్ మిగిలిన పల్లెల్ని తగలబెట్టి ప్రతీకారం తీర్చుకుంటూ పోయాడు. దాన్ని ఆపిన మనిషి పేరు చాలామందికి తెలియదు. పారిపోయిన డెసియానస్ స్థానంలో పన్నుల అధికారిగా వచ్చిన జూలియస్ క్లాసిసియానస్, ఈ గవర్నర్‌ను మార్చకపోతే దేశం చల్లారదని నీరోకు రాశాడు. కొన్నాళ్లకు పాలినస్‌ను వెనక్కి పిలిచారు. సొంత కక్షతో దేశహితాన్ని పాడుచేశాడని టాసిటస్ క్లాసిసియానస్‌ను నిందిస్తాడు. క్లాసిసియానస్ సమాధి రాయి లండన్‌లో దొరికింది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని నిలబెట్టించిన భార్య జూలియా పకాటా, ఇండస్ కూతురు. ఈ ఇండస్ ఎవరంటే, 21లో తన తెగవాడే అయిన ఫ్లోరస్ తిరుగుబాటును రోమ్ తరఫున అణచిన గాల్ నాయకుడు. అప్పులు, పన్నులు ఒక సమాజాన్ని ఎలా చీలుస్తాయో ఆ కుటుంబం ఇంట్లోనే చూసింది. క్లాసిసియానస్ రాసిన ఉత్తరానికి ఆ అనుభవం తోడైందని నమ్మడానికి ఆస్కారం ఉంది.

రోమ్ నగరం లోపలి అసమ్మతి గురించి టాసిటస్ ఎంతో శ్రద్ధగా రాశాడు. సీజర్‌ను చంపిన కాసియస్‌ను పొగిడినందుకు 25లో చరిత్రకారుడు క్రెముటియస్ కార్డస్‌పై కేసు పెట్టి పుస్తకాలు తగలబెట్టారు. ఆయన అన్నం మానేసి చనిపోయాడు, కూతురు మార్సియా ప్రతులను దాచి కాపాడింది. కానీ ఈ అసమ్మతివాదుల్లో ఎక్కువమందికి బాధ సెనేట్ గౌరవం పోయిందనే, తోళ్లు పోగొట్టుకున్నవాళ్ల గురించి కాదు. ఒక మనిషి దగ్గర మాత్రం రెండు దారులూ కలిశాయి. 57లో సిలిసియా (ఇప్పటి టర్కీ దక్షిణ తీరం) ప్రజలు తమను దోచిన గవర్నర్ కోసూటియానస్ కాపిటోపై ఫిర్యాదుతో రోమ్‌కు వస్తే, సెనేటర్ థ్రేసియా పీటస్ వాళ్లకు అండగా నిలిచాడు. కాపిటోకు శిక్ష పడింది. అదే ఏడాది ఆ తీరంలోనే ఉన్న లైసియా ప్రజలు ఎప్రియస్ మార్సెల్లస్ మీద ఇలాంటి ఫిర్యాదే తెచ్చారు గానీ అతను తప్పించుకున్నాడు. తొమ్మిదేళ్లకు నీరో థ్రేసియాను వదిలించుకోవాలనుకున్నప్పుడు నేరం మోపడానికి ముందుకొచ్చింది ఈ ఇద్దరే. తల్లిని చంపించిన నీరోను సెనేట్ అభినందిస్తుంటే థ్రేసియా లేచి వెళ్లిపోవడం కూడా నేరాల జాబితాలోకి ఎక్కింది. ఆయన నరాలు కోసుకుని చనిపోయాడు. నేరం మోపిన ఇద్దరికీ చెరి 50 లక్షల సెస్టర్సులు బహుమతి. పరగణాలను దోచిన చేతులే నగరంలో నోళ్లు మూయించాయి. థ్రేసియాను స్వేచ్ఛాప్రియుడైన తత్వవేత్తగా తలుచుకునేవాళ్లు సిలిసియా సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆ 66లోనే జెరూసలేం లేచింది. తిరుగుబాటుదారులు ముందుగా చేసిన పనుల్లో ఒకటి దస్తావేజుల భవనానికి నిప్పు పెట్టడం. వడ్డీ వ్యాపారుల పత్రాలు కాలిపోతే బాకీదారులంతా తమవైపు వస్తారని ఆ పని చేశారంటాడు జోసీఫస్. అరవై ఏళ్ల ముందు గలిలయుడైన యూదా కాదన్న పట్టికలు ఈసారి మంటల్లోకి వెళ్లాయి. రోమన్ల మాటల మీద ఆధారపడనక్కర్లేని సాక్ష్యం కూడా ఇక్కడే ఉంది. తిరుగుబాటుదారులు సొంతంగా వెండి నాణేలు ముద్రించారు. వాటి మీద చక్రవర్తి బొమ్మ లేదు. "ఇశ్రాయేలు షెకెల్" అని, "పరిశుద్ధ జెరూసలేం" అని హెబ్రీ అక్షరాలు, పోరాటం మొదలైన ఏడు నుంచి లెక్కించిన సంవత్సరం ఉన్నాయి. నాలుగేళ్ల తర్వాత నగరం నేలమట్టమైంది.

రైన్ ముఖద్వారంలోని బటావియన్ల సంగతి ఈ వాదానికి పరీక్ష లాంటిది. వాళ్లు రోమ్‌కు పన్నే కట్టలేదు. బదులుగా మనుషుల్ని ఇచ్చేవాళ్లు. 69లో సింహాసనం కోసం జరిగిన వారసత్వ యుద్ధంలో పోటీదారుల్లో ఒకడైన విటెలియస్ మళ్లీ మనుషుల్ని అడిగాడు. వసూలు అధికారులు ముసలివాళ్లను, జబ్బుపడ్డవాళ్లను పట్టుకుని లంచం తీసుకుని వదిలారు, చిన్నవయసు అబ్బాయిలను చెరపట్టడానికి ఈడ్చుకుపోయారు. లెక్క మనుషుల్లో కట్టినా చిట్టా చిట్టాయే. 25 ఏళ్లు రోమ్ కొలువులో గడిపిన జూలియస్ సివిలిస్ నాయకుడయ్యాడు. రెండు లెజియన్లున్న వెటేరా శిబిరం ఆకలితో లొంగిపోయింది. అణచడానికి వచ్చిన సేనాని పెటిలియస్ సెరియాలిస్ గాల్ ప్రజలకు చెప్పిన మాటల్ని టాసిటస్ ఇలా కుదించాడు: సైన్యం లేనిదే శాంతి లేదు, జీతం లేనిదే సైన్యం లేదు, పన్ను లేనిదే జీతం లేదు. సామ్రాజ్యం తన గురించి తాను చెప్పుకున్న మాటల్లో ఇంత నిజాయితీ ఉన్నది అరుదు.

యుద్ధం ముగిశాక బటావియన్ దళాలను బ్రిటన్‌కు పంపారు. కాల్గాకస్ జనం మీద అగ్రికోలా ముందువరుసలో నిలబెట్టింది వాళ్లనే. క్రీ.శ. 100 ప్రాంతంలో ఉత్తర ఇంగ్లండ్‌లోని విండొలాండా కోటలో ఒక బటావియన్ దళం ఉండేది. దాని అధిపతి పేరు ఫ్లేవియస్ సెరియాలిస్. తన జనాన్ని ఓడించిన సేనాని పేరు అతని కుటుంబానికి చేరిందని చరిత్రకారుల ఊహ. ఆ కోట బురదలోంచి చెక్కపలకల మీద రాసిన ఉత్తరాలు వందల కొద్దీ బయటపడ్డాయి. వాటిలో దళాల లెక్కలు, సరుకుల లెక్కలు, పుట్టినరోజు పిలుపులు ఉన్నాయి. ఒక పలకలో బ్రిటన్ వాసులు ఎలా పోరాడతారో రాశారు: కవచాలు లేవు, గుర్రపు దళం కత్తులు వాడదు. ఆ వాక్యాల్లో వాళ్లను చులకనగా పిలిచిన పేరు కూడా ఉంది.